వంద అయ్యేదాకా

మా బావ లెన్సు నా రిపేరు బల్ల మీదికి వచ్చి మూడు రోజులైంది. దానికి ఏ రోగమూ లేదు. ఆ మాట ఆయనతో చెప్పే ధైర్యం లేక, మూడు రోజులూ "పార్టు రావాలి బావా" అంటూ నెట్టుకొచ్చాను.

బావ పక్షుల ఆఫీసులో ఫొటోగ్రాఫరు. వలస వచ్చే కొంగల కాళ్లకు ఆ ఆఫీసు వాళ్లు రింగులు తొడుగుతారు. రింగు మీద నంబరు ఉంటుంది. సరస్సులో పడవ మీద వెళ్లి, దూరం నుంచే ఆ నంబరు కనిపించేలా ఫొటో తీసుకురావడం బావ పని. ఒడ్డున ఉన్నవాడైతే హాయిగా మూడు కాళ్ల స్టాండు వేసుకుంటాడు. పడవలో స్టాండు వేస్తే పడవ కుదుపంతా కెమెరాకే ఎక్కుతుంది. అందుకని నాలుగు కిలోల లెన్సును చేతులతోనే పట్టుకోవాలి. ఎడమ అరచెయ్యి లెన్సు కింద పెట్టి, మోచెయ్యి డొక్కకు ఆనించి, సగం ఊపిరి వదిలి మిగతా సగం బిగబట్టి నొక్కాలి. ఇరవై రెండేళ్లుగా బావ అలాగే నొక్కుతున్నాడు. ఆఫీసులో ఆయన్ని 'స్టాండుగారు' అంటారు. అక్క పెళ్లయిన కొత్తలో ఆయన ఆ లెన్సును చేతుల్లోకి తీసుకునే తీరు చూసి, పిల్లల్ని ఎత్తుకోవడం ఈయనకు ఎవరూ నేర్పక్కర్లేదనుకున్నాను.

ఈ ఏడు రెండు ట్రిప్పుల ఫొటోలూ మసకగా వచ్చాయి. ఒక్క నంబరూ చదవడానికి వీల్లేదు. సోమవారం మూడో ట్రిప్పు. అదీ ఇలాగే వస్తే పడవలోకి వేరే మనిషిని పంపుతామని పై ఆఫీసరు మర్యాదగానే చెప్పాడట. "లోపల అదురు ఆపే మోటారు పాడైనట్టుంది, చూడరా" అంటూ బావ లెన్సును నా బల్ల మీద పెట్టాడు. మాట్లాడినంతసేపూ ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది.

లెన్సును బల్లకు బిగించి, గోడ మీది పరీక్ష కాగితాన్ని ఫొటో తీశాను. ఆవగింజంత అక్షరం కూడా స్పష్టంగా వచ్చింది. చేత్తో పట్టుకుని తీశాను, అదీ బాగానే వచ్చింది. చివరికి ఆయన లెన్సుతోపాటు ఇచ్చిన మెమరీ కార్డులోని ఫొటోలను కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి తిప్పి చూశాను. ఆ కెమెరా సెకనుకు పది ఫొటోలు తీస్తుంది. ఒకదాంట్లో రింగు పైకి, తర్వాతిదాంట్లో కిందికి, మళ్లీ పైకి, మళ్లీ కిందికి. పడవ కుదుపు ఇలా లెక్క ప్రకారం ఉండదు. ఆ వణుకును నేను ఇదివరకే చూశాను. బావ వాళ్ల నాన్నగారు టీ కప్పు పట్టుకున్నప్పుడు చూశాను.

ఆ పెద్దాయన బోర్డులు రాసే పెయింటరు. వణుకు మొదట ఎడమ చేతికే వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. ఏడాదిన్నరలో కుంచె పట్టే చేతికి పాకింది. ఆయన రాసిన ఆఖరి బోర్డు ఒక తాళాల కొట్టు మీద ఇంకా ఉంది. అన్నీ వంకర అక్షరాలే. బావ ఆ వీధిలో అడుగు పెట్టడు, మార్కెట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్తాడు. ఎందుకంటే ఆ వీధిలో కుక్కలున్నాయంటాడు. చిరుతపులికి ఎదురుగా నిలబడి ఫొటో తీసిన మనిషికి కుక్కల భయమట!

శనివారం అబద్ధమాడాను. "స్క్రూ ఒకటి వదులైంది బావా. బిగించాను."

"నేను చెప్పలే?" అని నా వీపు మీద చరిచాడు బావ. ఆయన ముఖం అంత తేటగా ఉండటం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఉండబట్టలేక ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. బావకు రోజూ ఒక కసరత్తు ఉంది. డాబా మీద నిలబడి, ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద ఉన్న నంబరుకు లెన్సు గురిపెడతాడు. అక్క మెట్ల మీద కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతూ పైకి వినపడేలా లెక్కపెడుతుంది. వంద అయ్యేదాకా లెన్సు దించకూడదు. ఇదివరకు అక్క గడియారం ముల్లుతో సమానంగా లెక్కపెట్టేది. ఆ రోజు నా వాచీలో అరవై సెకన్లు దాటాయో లేదో వంద అనేసింది.

బావ స్నానానికి వెళ్లగానే అడిగాను. "అక్కా, ఎప్పట్నుంచి లెక్కను ఇలా పరిగెత్తిస్తున్నావు?"

అక్క టవలు మడత ఆపలేదు. "ఆర్నెల్లయింది. మొదట తొంభైలో సరిపెట్టేదాన్ని. తర్వాత ఎనభై... ఇంతకీ నువ్వు ఏ స్క్రూ బిగించావురా?"

నేను పక్కనున్న చొక్కా తీసుకుని మడతపెట్టసాగాను.

"నాకు భయంరా. పైకి అన్నానంటే నిజమైపోతుందేమోనని."

"అనకపోతే రేపు పడవలో నిలబడతాడక్కా. నాలుగు కిలోలు మెళ్లో వేసుకుని. చెయ్యి వదిలేసిందంటే లెన్సుతోపాటు మనిషీ నీళ్లలోనే."

అక్క చేతిలోని టవలు మడత విప్పి, మళ్లీ మొదటి నుంచి మెల్లగా మడతపెట్టింది.

సోమవారం ఎనిమిదింటికి ఆఫీసు జీపు వస్తుంది. ఏడింటికే ముగ్గురం డాబా మీద ఉన్నాం. అక్క ఒకటి అని మొదలుపెట్టింది. ఈసారి తొందరపడలేదు. ఒక్కో అంకె దాని సమయానికి అది వచ్చింది. ఇరవై దాకా లెన్సు కదల్లేదు. ముప్పై దగ్గర దాని మూతి ఊగడం మొదలైంది. బావ మెడ నరాలు ఉబ్బాయి. అరవై ఒకటి దగ్గర లెన్సు కిందికి వచ్చేసింది.

బావ కోప్పడతాడనుకున్నాను. "ఇవాళ సరిగ్గా లెక్కపెట్టావు" అన్నాడు అక్కతో.

అక్క ఏడ్చేసింది. "మీకు తెలుసా?"

"నేనూ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాగా. నువ్వు వంద అనేసరికి నాకు అరవై, అరవై రెండు వచ్చేది. నీదే కరెక్టని సరిపెట్టుకున్నా." నా వైపు తిరిగాడు. "స్క్రూ కూడా ఇంతేనా?"

తల ఊపాను. ఆయన లెన్సును నా చేతుల్లో పెట్టాడు. ఎడమ చెయ్యి ఈసారి జేబులోకి పోలేదు. జీపు వద్దని ఆఫీసుకు తనే ఫోన్ చేశాడు. వేరే మనిషిని పంపమనీ తనే చెప్పాడు. ఆ రెండో మాటకు కాస్త టైము పట్టింది.

డాక్టరు దగ్గరికి నడిచే బయల్దేరాం. మార్కెట్టు మలుపు దగ్గర నేను అలవాటుగా అటు తిరిగితే, బావ తిన్నగా తాళాల కొట్టు వీధిలోకి నడిచాడు. అక్కా నేనూ ముఖాలు చూసుకుని వెంట పడ్డాం. వీధిలో ఒక్క కుక్కా లేదు.

కొట్టు ముందు ఆగి, తలెత్తకుండానే అన్నాడు. "చదవరా."

"అన్ని రకాల తాళాలకు చెవులు చేయబడును."

"అంతా అర్థమైందా?"

"అయింది బావా."

"చూశావా, మా నాన్న వంకరగా రాసినా చదవొచ్చు." తన ఎడమ చెయ్యి వైపు చూసుకున్నాడు. "నా రింగులు ఒక్కటీ చదవడానికి రావట్లేదురా."

అక్క ఆయన ఎడమ చెయ్యిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మూడు చేతులూ కలిసి వణుకుతూనే ఉన్నాయి.