అతుకు నిలవని పట్టా

దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే ఓపిక లేదు. పొద్దంతా మిషన్ తొక్కిన కాళ్లు లాగుతున్నాయి. అయినా అడిగారు కాబట్టి చెప్తాను. ఇన్నేళ్ల పనిలో నన్ను బాగా విసిగించిన పట్టా ఒకటుంది. దాని సంగతి వినండి.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, మిర్చి కోతల కాలం. చండ్రుగొండ రోడ్డు మీద మాదొక రేకుల షెడ్డు. టార్పాలిన్లు కుడతాం, చిరిగినవాటికి అతుకులేస్తాం. మా దిక్కు టార్పాలిన్‌ను పట్టా అంటారు. మా ఆయన దావీదు ఒకప్పుడు పాల్వంచ లారీలకు పట్టాలు కుట్టేవాడు. చూపు తగ్గాక సూది నా చేతికొచ్చింది. ఇప్పుడాయన ఐలెట్లు కొడతాడు, అంటే తాడు దూర్చే బొక్కలకు ఇత్తడి రింగులు. మిగతా వేళంతా నన్ను ఎగతాళి చేస్తాడు. రెండు పనులూ శ్రద్ధగానే చేస్తాడు.

మిర్చి కోతలకు అడవి అవతలి ఊళ్ల నుంచి కూలీలు కుటుంబాలతో సహా వస్తారు. కోతలయ్యేదాకా చేను గట్టు మీదే డేరా. నాలుగు కర్రలు, పైన పట్టా, అదే ఇల్లు. ఆ ఏడు ఎండలు ముదరకముందే మబ్బులు పట్టి వాన జల్లు మొదలైంది. నర్సయ్య అనే రైతు బండి మీద ఒక పాత కాన్వాస్ పట్టా వేసుకొచ్చాడు.

"మరియక్కా, మా కూలోళ్ల డేరా కురుస్తాంది. అండ్ల పసిపిల్లగాడున్నడు. జెర జల్దీ చెయ్యి."

పట్టా నాలుగు మూలలూ కట్టి బిందెడు నీళ్లు పోశాం. ఇది మా పద్ధతి. కింద ఎక్కడ చెమ్మ దిగితే అక్కడ సుద్దతో గీత పెడతాం. ఆరాక గీత పెట్టిన చోటల్లా ప్యాచ్ వేశాను. ప్యాచ్ అంటే ఊరికే గుడ్డముక్క కుట్టడం కాదు. ముందు సొల్యూషన్ రాయాలి, అది సైకిల్ పంక్చర్ల బంకలాంటిదే, కాస్త చిక్కన. ముక్క అంటించి, అంచు చుట్టూ మైనం పట్టించిన దారంతో కుట్టాలి. కుట్టు ముక్కను పట్టుకుంటుంది, నీటిని ఆపేది మాత్రం బంకే.

పనయ్యేలోపు నేనూ మా ఆయనా దగ్గుతూనే ఉన్నాం. ఆ కాలంలో మా ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. కల్లాల్లో మిర్చి, ట్రాక్టర్ల మీద మిర్చి, గాలిలో మిర్చి. ఘాటు వస్తోందని ఎవరూ అనరు, ముక్కు తుడుచుకుని పని చేసుకుంటారు.

మర్నాడే నర్సయ్య మళ్లీ వచ్చాడు. "అక్కా, నీ ప్యాచులు మా కూలోళ్లకంటె ముందే ఇంటికి పోతున్నయ్."

చూస్తే కుట్టు ఉంది, కింద బంక ఊడి ముక్క బుడగలా లేచింది. సొల్యూషన్ పాతదేమోనని కొత్త డబ్బా విప్పి మళ్లీ వేశాను. అదీ లేచింది.

మా ఆయన ఐలెట్ సుత్తి పక్కన పెట్టి, "నువ్వు పట్టా కుడుతున్నవా, దానితోని కొట్లాడుతున్నవా?" అన్నాడు.

"నువ్వు కొట్లాడు, నేను జూస్తా."

"నాకు కండ్లు లేకపాయె," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నడుము పట్టేసింది. తెచ్చినప్పుడల్లా విప్పి, కప్పినప్పుడల్లా కట్టి ఆ కూలీలూ అలసిపోయి ఉంటారు. ఈసారి పట్టాను తేవద్దని చెప్పి, సంచిలో బంక, దారం, మైనం గడ్డలు వేసుకుని నర్సయ్య బండెక్కి నేనే చేనుకు పోయాను.

వాన పడ్డందుకు ఆ పూట కోత లేదు. డేరా ముందు ఒక పిల్ల కూర్చుని ఉంది. పేరు బుద్రి, తొలి కాన్పు బాలింత. పక్కన వాళ్ల అత్త. పిల్లవాడికి పాలిస్తున్నారు. "ఇస్తున్నారు" అని ఎందుకన్నానంటే, పిల్లవాణ్ని ఎత్తి పట్టుకున్నది అత్త. బుద్రి ముందుకు వంగి రొమ్ము అందిస్తోంది. రెండు చేతులకూ తడి గుడ్డలు చుట్టి వీపు వెనక పెట్టుకుంది. అట్లా పాలిచ్చే తల్లిని నేనెప్పుడూ చూడలేదు.

"చేతులకేమైంది బిడ్డా?" అన్నాను.

బుద్రి అత్త వైపు చూసింది. ఏటా కోతలకొచ్చి ఇద్దరికీ మన మాట బాగానే అబ్బింది. అత్తే చెప్పింది. "మిర్చి తెంపిన చేతులు గదక్కా. మాపటికొచ్చి ఇది ముట్టుకుంటే చాలు, పిల్లగాడు గుక్కపట్టి ఏడుస్తడు. కండ్లు ఎర్రగైతయ్, ఒళ్లు కందుతది. పగలు నేను చెట్టు కింద పెట్టుకుంటే మంచిగనే ఉంటడు."

"దవాఖానాకు పోయిండ్రా?"

"దవాఖాన నర్సమ్మ కాడికే పోయినం. కండ్లల్ల మందు పోసింది. చేతులు మంచిగ కడుక్కొని ముట్టుకోమన్నది. ఎంత కడిగినా గంతే."

అప్పుడు బుద్రి అందుకుంది. "సబ్బుతోని కడిగిన. బూడిదతోని కడిగిన. మజ్జిగతోని కడిగిన. పోత లేదక్కా. నా చేతుల్ల కూసున్నది." గుడ్డ విప్పి చూపించింది. తోలు లేచి పచ్చిగా ఉన్నాయి. "కోత ఇడిసిపెట్టి మా ఊరికి పోతననుకున్నా. పోయినాక గూడ ఏడిస్తే ఏం జెయ్యాలె?"

నర్సమ్మ చెప్పిన మాటే నేనైనా చెప్పేదాన్ని. తల నిమిరి, పని చూసుకుందామని డేరాలోకి వంగాను.

లోపల కర్రకు చీర ఉయ్యాల కట్టి ఉంది. దానిపైనే లేచిన ప్యాచ్. దాన్ని విప్పుదామని తల పైకెత్తానో లేదో, కుట్టు సందులోంచి ఒక చుక్క జారి నా కంట్లో పడింది.

అమ్మా! నిప్పు రవ్వ పడ్డట్టయింది. కన్ను మూసుకుని బయటికొచ్చి నేల మీద కూలబడ్డాను. అత్త చెంబుతో నీళ్లు పోసింది. మంట కొంచెం తగ్గాక పట్టా అంచు పట్టుకుని వాసన చూశాను. తడిసిన గుడ్డ వాసనలో పచ్చి కారం వాసన.

"నర్సయ్యా, ఈ పట్టా ఇంతకుముందు దేనికి వాడినవ్?"

"ఇంకేందక్కా, కల్లంల మిర్చి ఆరబోసేది. రెండు మూడు పంటలు దీని మీదనే ఆరినయ్. మంచి మందం ఉన్నదని, పిల్లగాడున్నడని ఏరి ఏరి దీన్నే ఇచ్చిన..."

ఆయనకూ అర్థమైంది. పంట మీద పంట ఎండి, విత్తనం పొడి, కారం జిడ్డు కాన్వాస్ నూలులోకి ఎక్కేశాయి. ఆ జిడ్డు మీద నా బంక ఎట్లా పడుతుంది? గాలికి పట్టా కొట్టుకుంటే పొడి రాలుతుంది, వాన పడితే కారం నీళ్లు కారుతాయి. పగలు పిల్లవాడు చెట్టు కింద. సాయంత్రం తల్లి వచ్చే వేళకు డేరాలో. పెద్దవాళ్లకు కళ్లు మండితే కోత మంట అనుకున్నారు. పిల్లవాడు ఏడిస్తే తల్లి చేతులనుకున్నారు.

"బుద్రీ, నీ చేతులు కాదు బిడ్డా. నీ నెత్తి మీది కప్పు."

ఆమె నమ్మలేదు. తల అడ్డంగా ఊపుతూ చేతులు ఇంకా వెనక్కి పెట్టుకుంది. "మళ్లేడుస్తడు. నేను ముట్ట."

"ఇయ్యాల కోత లేదు గద. పొద్దటి నుంచి చేతులు కడుగుతనే ఉన్నవ్. పిల్లగాన్ని ఎత్తుకొని చెట్టు కిందికి పోదాం పా. డేరాల కాదు."

అత్త పిల్లవాణ్ని అందించింది. బుద్రి తీసుకోలేదు. అత్తకు కోపమొచ్చింది. "ఎత్తుకోయే! నా నడుములు ఇరిగిపోతున్నయ్, నీ కొడుకును ఎన్నొద్దులు మొయ్యాలె నేను?"

ఆ తిట్టే పని చేసింది. బుద్రి చేతులు చాపింది. పిల్లవాణ్ని తీసుకుని ఒంటికి దూరంగా పట్టుకుంది, వేడి గిన్నె పట్టుకున్నట్టు. వాడు తల్లి మొహం చూశాడు. ఏడుపు కోసం అందరం ఎదురుచూశాం. వాడు ఏడవలేదు, ఆమె చీర తడిపాడు.

అత్త ఫక్కున నవ్వింది. బుద్రి పిల్లవాణ్ని గుండెకు అదుముకుని చెట్టు కిందికి పోయి, మాకు వీపు పెట్టి కూర్చుంది. మేం డేరా విప్పడం మొదలుపెట్టాం.

డేరా సామానంతా నర్సయ్య తన ట్రాక్టర్ షెడ్డులోకి మార్చాడు. పట్టాను బోరు దగ్గర పరిచి సోడా, సబ్బు వేసి తొక్కాం. కూలీలందరూ వచ్చి తొక్కారు. ఒకటే తుమ్ములు, ఒకటే తిట్లు. "నర్సయ్య పటేలా, ఈ నీళ్లల్ల పప్పు ఉడకేస్తే ఊరందరికీ సరిపోతది" అని ఎవరో అంటే ఆయన కూడా తుమ్ముతూనే నవ్వాడు.

సబ్బుతో ఒక చిక్కుంది. కారం జిడ్డుతోపాటు నీటిని ఆపే పాత మైనం కూడా పోతుంది. ఉతికిన కాన్వాస్ దుప్పటిలా నీళ్లు తాగేస్తుంది. అందుకే సబ్బు నురగంతా పోయేదాకా జాడించి, ఎండ వచ్చాక ఆరేసి, కొత్త ప్యాచులు వేసి, ఆపైన పట్టా మొత్తానికి వాక్సింగ్ చేశాను. మైనం గడ్డతో రుద్దడం, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో కరిగించి నూలులోకి దించడం. జానెడు రుద్దాలి, జానెడు ఒత్తాలి. అంత పెద్ద పట్టాకు అంతా చేతిపనే. ఆ పని చేసిన కుడి భుజం మబ్బు పడితే ఇప్పటికీ సలుపుతుంది. చివర్న నీళ్లు పోస్తే చుక్కలు గోలీల్లా దొర్లిపోయాయి. ఈసారి అతుకులు లేవలేదు.

కోతలయ్యాక వాళ్లు ట్రాక్టర్ మీద మా షెడ్డు ముందు నుంచే ఊరికి పోయారు. బండి ఆగలేదు. బుద్రి నన్ను చూసి చెయ్యెత్తబోయి, మళ్లీ దించుకుంది. ఆ చెయ్యి పిల్లవాడి తల కింద ఉంది.

ఆ తర్వాత ఎవరు పట్టా తెచ్చినా, ఎక్కడ కురుస్తోందని ముందు అడగను. ఇదివరకు దీని మీద ఏం పోశారు, దేని మీద కప్పారు అని అడుగుతాను. యూరియా అంటారు, బొగ్గంటారు, పురుగుమందంటారు. కొందరు విసుక్కుంటారు కూడా. విసుక్కోనీ. అతుకు నిలవనప్పుడు తప్పు అతుకుది కాకపోవచ్చు, చేతులదీ కాకపోవచ్చు. ఆ పట్టా కూడా మళ్లీ కురిసే ఉంటుంది. మైనం ఎన్నేళ్లని ఉంటుంది? మళ్లీ ఎవరో రుద్దాలి. మా పనికి అయిపోవడం అంటూ లేదు.

ఇక లేస్తాను, కాళ్లు మొద్దుబారాయి. మీ ఇంటి కప్పు చెమ్మ దిగకుండా ఉండాలి. మీ ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు కంటినిండా నిద్ర పట్టాలి. తన బిడ్డను ముట్టడానికి తన చేతులకే భయపడే రోజు మీ ఇంట ఏ తల్లికీ రాకూడదు. చల్లగా ఉండండి.