గుట్ట పాటలో చెల్లెలి గొంతు

ఆ బ్యాండు విడిపోయిన తర్వాతే నాకు దొరికింది. చిట్యాల నుంచి నల్లగొండకు రోజూ బస్సులో కాలేజీకి పోయే రోజుల్లో, ఫోన్లో ఏదో వెతుకుతుంటే వాళ్ల పాట ఒకటి తగిలింది. నలుగురు కుర్రాళ్లు. గిటార్లు గరగరలాడుతుంటే పాడేవాడు మా యాసలోనే, దాదాపు అరుస్తున్నట్టు పాడాడు. సినిమా పాటలా లేదు, జానపదంలా లేదు. మిగతా పాటలన్నీ ఆ వారంలోనే వినేశాను. మొత్తం కలిపినా గంట ఉండవు. ఉద్యోగాల్లో పడి ఎవరి దారిన వాళ్లు పోయారని ఎక్కడో చదివాను. అంటే ఇక కొత్త పాటలు రావు. ఎందుకో ఆ సంగతి నాకు నచ్చింది. నేను ఎరిగినవాళ్లలో వాళ్ల పేరు విన్నవాళ్లే లేరు. బ్యాండు మొత్తం నా ఒక్కదానిదే అన్నట్టుండేది.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది గుట్ట పాట. అందులో మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. పాడేవాడు "ఓ...య్" అని గట్టిగా పిలుస్తాడు. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ డ్రమ్ము మొదలవుతుంది.

ఆ పిలుపు నాకు తెలుసు. మా అవ్వ, అంటే నాయనమ్మ, వాళ్లది మర్రిగూడ వైపు ఊరు. అక్కడ గొర్లు కాసేవాళ్లు గుట్టకు చెరో పక్క మందను తోలుకుపోతే, ఒకరు అలా పిలుస్తారు, రెండోవాళ్లు బదులు పలుకుతారు. బదులు రాకపోతే పిలిచినవాళ్లు మందను వదిలేసి గుట్ట ఎక్కి చూడాల్సిందే. పాము కుట్టిందో, కాలు జారిందో. మా బాపు గొర్లు అమ్మేసి రోడ్డు మీద పంక్చర్ల షాపు పెట్టుకున్నా, సెలవులకు అవ్వ దగ్గరికి పోయినప్పుడల్లా నేను అది విన్నాను. అందుకే పాటలో బదులు రాని ఆ కొద్ది క్షణాలు నా ఒళ్లు జలదరింపజేసేవి. అవతలి మనిషి ఇక బతికి లేడు. పాడేవాడు చెప్పకుండా చెప్పిన మాట అదేనని, అది పట్టుకోగలిగింది నేనొక్కదాన్నేనని డైరీలో పేజీలు పేజీలు రాసుకున్నాను.

చాలా ఏళ్లకు ఆ నలుగురూ మళ్లీ కలిశారు. నల్లగొండలో ఒక కాలేజీ మైదానంలో సాయంత్రం పాడుతున్నారని తెలిసింది. బాపును అడగడానికి నాలుగు రోజులు తటపటాయించాను.

"ఒక్కదానివే పోతవా? చెల్లెను తోలుకపో" అన్నాడు.

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు. అవ్వ ఊర్లోనే ఉంటుంది, ఇంటర్ తర్వాత చదువు ఆపి మందను చూసుకుంటుంది. తనకు సిగ్గు తెలియదు. బస్సులో ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టాను.

"గిదెట్ల వింటవే అక్కా? రేకుల మీద రాళ్లవాన పడ్డట్టుంది."

"నచ్చకపోతే తియ్."

"తియ్య గని, గిన్ని దినాలు మాకెవ్వరికి చెప్పనే లేదు. దొంగతనంగ తిన్నట్టు విన్నవ్."

మైదానంలో నేను వెనక గోడ దగ్గర నిలబడదామన్నాను. అది నా చెయ్యి పట్టుకుని జనంలోంచి ముందుకు లాక్కుపోయింది. రెండో పాటకే పక్కనున్న అమ్మాయిలతో కలిసి గెంతుతోంది. ఒక్క మాట కూడా రాకుండానే పాడుతోంది. నాకు ప్రతి మాటా వచ్చు. నా పెదవులు కదిలాయి, అంతే. పాడేవాడికి పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. గొంతు మాత్రం అదే. ఏడుపొస్తుందనుకున్నాను గానీ, చెల్లెను చూస్తుంటే ఏడుపు కూడా రాలేదు. నిన్నటిదాకా పేరు కూడా తెలియనిది, నాకన్నా ఎక్కువ సంతోషంగా ఉంది.

గుట్ట పాట మొదలైంది. ఆ చోటు కోసం నేను కళ్లు మూసుకున్నాను. గిటార్లు ఆగాయి. అతను పిలిచాడు.

నా చెవి పక్కనే చెల్లె బదులు పలికింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గుట్ట అవతలికి వినబడేటంత గట్టిగా. ఆలోచించి చేసింది కాదు. పిలుపు వినబడితే తను పలుకుతుంది, అంతే.

డ్రమ్ములవాడు మొదలుపెట్టడం మరిచిపోయాడు. పాడేవాడు నవ్వుతూ మళ్లీ పిలిచాడు. చెల్లె మళ్లీ పలికింది. జనమంతా ఈలలు, కేకలు.

"నువ్వు గూడ అనరాదే!" అంటూ నా భుజం కుదిపింది. నేను తల అడ్డంగా ఊపాను.

అంతా అయిపోయాక పాడేవాడు స్టేజీ దిగి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. చెల్లె నన్ను ముందుకు తోసింది.

"మా అక్కకు మీ పాటలన్ని నోటికొస్తయి సార్!"

"అవునా? ఏ పాటిష్టం?"

గుట్ట పాట అన్నది ఎన్నేళ్లుగానో దాచుకున్న జవాబు. అది చెప్పకుండా "అన్నీ" అన్నాను. అతను సరేనన్నట్టు తలూపి చెల్లె వైపు తిరిగాడు.

"ఏ ఊరు మీది? మాది పాలమూరు దిక్కు. మా నాయిన గూడ గొర్లే కాసేది. అప్పట్ల పాట రికార్డు చేస్తుంటే పలికేటోళ్లు దొరకలే. స్టూడియోకు కిరాయి గంటల లెక్క గద, ఇగ గా జాగ ఖాళీగ వదిలేసినం. మళ్ల రికార్డు చేస్తున్నం, ఇప్పుడు పలుకుతవా?"

ఖాళీగా వదిలేశారట. పలికే మనిషి దొరక్క.

"దానికేం సార్" అంది చెల్లె.

జనం పలచబడ్డాక బ్యాండువాళ్లు చెల్లెను గోడ పక్కకు తీసుకుపోయి, చిన్న మైకు పట్టుకుని, అందరినీ మాట్లాడొద్దన్నారు. నేను చెల్లె చున్నీ, సంచి పట్టుకుని నిలబడ్డాను. ఒక్కసారి దగ్గితే చాలు, రికార్డింగు పాడైపోతుంది. దగ్గాలనిపించింది. దగ్గలేదు. చెల్లె ఒక్కసారికే సరిగ్గా పలికింది.

కొత్త పాట ఫోన్లోకి వచ్చిన రోజు తలుపేసుకుని విన్నాను. పిలుపు, వెంటనే కొంచెం దూరం నుంచి చెల్లె గొంతు. బాగాలేకపోతే బాగుండునని వెతికాను. బాగుంది. పాత పాట కన్నా బాగుంది. ఆ మనిషి గుట్ట అవతల క్షేమంగా ఉంది. నేను అన్నేళ్లు రాసుకున్న ఆ చావు ఎక్కడా లేదు.

సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. వెనక గొర్ల గంటలు వినబడుతున్నాయి.

"విన్నవా అక్కా? నా గొంతు మేక లెక్క లేదు గద?"

"లేదు. మంచిగుంది."

"నిజంగ?"

"నిజంగనే. కాని నాకు పాతదే ఇష్టం."

"పాతదాంట్లేముందే? ఆయన మొత్తుకుంటడు, ఒక్కరు గూడ పలకరు."

"అందుకే."

 చెల్లె పకపకా నవ్వి, "నువ్వొకదానివి. ఉండు, గొర్లు చేన్ల వడ్డయి" అని పెట్టేసింది.