నవమి ముందు నడక పరీక్ష

కొత్తగూడెంలో ఆటోలు రాకముందు, రైలు దిగిన మనిషికి మొదట ఎదురయ్యేది మా జట్కాలే. స్టేషన్ పేరేమో భద్రాచలం రోడ్డు. ఆ బోర్డు చూసి పాపం ఎక్కడెక్కడి యాత్రికులో గుడి ఏ దిక్కున ఉందని అడిగేవాళ్ళు. ఇంకా బస్సెక్కి అడవి దాటాలని చెబితే మొహాలు వేలాడేసేవాళ్ళు. వాళ్ళను బస్టాండుకో సత్రానికో చేర్చడం జట్కావాళ్ళ పని. మా నాయనదీ జట్కానే, మా ఆయనదీ జట్కానే. పుట్టింట్లో గుర్రపు వాసన, అత్తింట్లో గుర్రపు వాసన. ఇంక వేరే అత్తరు నా నొసట రాయలేదు.

గుర్రాల ఓనర్లకు ఒక సంఘం ఉండేది. పేరుకు సంఘమేగానీ ఆఫీసు లేదు, కుర్చీ లేదు. స్టేషన్ బయట గుర్రాలు నీళ్ళు తాగే తొట్టి గట్టు మీద కూర్చుంటే అదే మీటింగు. పని మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. వానలకు ముందు ఒకరి పాక ఒకరు కప్పుకునేవాళ్ళు. వానలు వెనకబట్టాక పశువుల డాక్టరును బతిమాలి పిలిపించి సూదులు వేయించేవాళ్ళు. వరికోతలు కాగానే దమ్మపేట వైపు నుంచి లారీలో గడ్డి తెప్పించి పంచుకునేవాళ్ళు. ఆ పంపకం రోజు రభస వినాలంటే పెట్టి పుట్టాలి. ఎండలు ముదరకముందే తొట్టి కడగాలి. విచిత్రమేమిటో, తొట్టి కడిగే రోజుకు మగవాళ్ళందరికీ ఒక్కసారే నడుము నొప్పులు వచ్చేవి. చివరికి మేమే కుచ్చిళ్ళు దోపుకుని అందులోకి దిగేవాళ్ళం.

వీటన్నిటికన్నా పెద్ద పని ఉగాదికీ శ్రీరామనవమికీ నడుమ వచ్చే నడక పరీక్ష. బండి విప్పేసి, గూడ్స్ షెడ్డు ముందు రాళ్ళు పరిచిన జాగాలో ఒక్కో గుర్రాన్నే నడిపించేవాళ్ళు. ఏటా వంతు ప్రకారం సంఘంలో ఒకరు పరీక్ష పెట్టాలి. పరీక్ష పెట్టేవాడు గుర్రానికి వీపు తిప్పి నిలబడి, డెక్కల చప్పుడు ఒక్కటే వినాలి. ఓనరు మొహం చూస్తే మొహమాటం పుడుతుందని పెద్దలు ఆ పద్ధతి పెట్టారు. చప్పుడు సమంగా ఉంటే "నడిచింది" అంటాడు, గుర్రం మెడకు ఇత్తడి బిళ్ళ కడతారు. తేడా వినిపిస్తే "నిలిచింది" అంటాడు. బిళ్ళ లేని బండికి నవమి రద్దీలో స్టేషన్ వరుసలో చోటు ఉండదు. కాలు మానేదాకా ఆ గుర్రం ఇంటిపట్టునే ఉండాలి.

ఆ ఏడు వంతు మా ఆయనకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మా నాయన ఎర్రగుర్రం కుడి ముందుకాలు కుంటడం మొదలుపెట్టింది.

అమ్మ పోయాక నాయనకు లోకమంతా ఆ గుర్రమే. నాతో రెండు మాటలు మాట్లాడితే దానితో ఇరవై మాట్లాడేవాడు. నవమికి నాలుగు ట్రిప్పులు ఎక్కువ తిరిగితేనే ఆ ఇంట్లో మనిషికి బియ్యం, గుర్రానికి ఉలవలు. ఆ వయసులో ఆయనకు ఇంకో పని ఎవరిస్తారు?

పరీక్ష దగ్గరపడ్డాక ఒక పొద్దున నాయన మా ఇంటికి వచ్చి గడపలోనే కూలబడ్డాడు.

"బిడ్డా, అల్లునికి ఒక మాట చెప్పు. రాళ్ళ మీద గాకుండ మట్టి మీద నడిపియ్యమను."

నాకు ఒళ్ళు మండింది. "నేనెందుకు చెప్త నాయినా? అందరికీ రాళ్ళు, నీకు మట్టా? సంఘపోళ్ళు ఊకుంటరా? ఏం గాదు, దాన్ని ఇంటికాడ కట్టేసి కాలు సూసుకో."

"కట్టేస్తే నవమికి బండెవరు గుంజుతరే? నువ్వు గుంజుతవా?"

"గుంజుత! కళ్ళెం తెచ్చి కట్టు నాకు!"

అంత బాధలోనూ ఆయనకు నవ్వొచ్చింది. నేనిచ్చిన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఆయన వెనక నేను చాలాసేపు గడపలోనే నిలబడ్డాను. ఈ సంగతి మా ఆయనతో అనలేదు.

పరీక్ష రోజు ఆడవాళ్ళం పసుపు కుంకుమలు పట్టుకుని వెళ్ళాం, గెలిచిన గుర్రాలకు బొట్టు పెట్టాలిగా. నాయన అందరికన్నా చివర వచ్చాడు. ఊరి చివరి ఇంటి నుంచి బండి కట్టుకునే వచ్చాడు. ఎర్రదాన్ని విప్పి రాళ్ళ మీదికి తెచ్చాడు. బీడీలు ఆరిపోయాయి. మా ఆయన వీపు తిప్పి నిలబడ్డాడు.

ఎర్రది నడిచింది. టక్కు టక్కుమని ఒకే తీరుగా. కుంటు లేదు! నా కళ్ళు నేనే నమ్మలేదు. మా ఆయన వీపు ఎంతకీ కదలలేదు. గుర్రం ఆ చివరికి వెళ్ళి తిరిగొచ్చాక, "నడిచింది" అన్నాడు.

హమ్మయ్య అనుకుని నేను కుంకుమ భరిణె మూత తీస్తూ ముందుకు ఉరికాను. బిళ్ళ కట్టించుకోవడానికి నాయన కళ్ళెం పట్టి లాగాడు. ఎర్రది కదల్లేదు. ఒక ముందుకాలు మోపి తీసేసింది. రెండోది మోపి అదీ తీసేసింది. మళ్ళీ మొదటిది. ఏ కాలి మీద నిలబడాలో దానికి తెలియలేదు. తల తిప్పి నాయన వైపు చూసింది.

నాయన మొహం నల్లబడిపోయింది. "ఆగుండ్రి. బిళ్ళ కట్టొద్దు" అన్నాడు.

అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది బాగున్న కాలు. మొలలోంచి చిన్న కత్తి తీసి, లాడం కింద ఇరికించిన గులకరాయిని పెకలించాడు. పాతకాలం గుర్రాల బేరగాళ్ళ మోసం అది. బాగున్న కాలికీ నొప్పి పుట్టిస్తే రెండు కాళ్ళూ సమంగా పడతాయి, కుంటు వినిపించదు.

"రాయి నేనే పెట్టిన. ఎర్రది నిలిచింది" అని తన గుర్రానికి తనే తీర్పు చెప్పి, నలుగురిలో పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఒక్కరూ తిట్టలేదు. "ముసలోడా, గిదేం పనే" అంటూ పక్క బండి ఆయన రెక్క పట్టి లేపాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజు బండి అక్కడే వదిలేసి, నాయనా నేనూ ఎర్రదాన్ని నడిపించుకుంటూ ఆ ఊరి చివరి ఇంటికి తీసుకొచ్చాం.

నిలిచిన గుర్రానికి మొదటి గడ్డిమోపు పరీక్ష పెట్టినవాడే మోసుకురావాలి. ఆ తర్వాత సంఘంలో అందరూ వంతులేసుకుని తెస్తారు. పొద్దుగూకే వేళకు మా ఆయన నెత్తిన మోపుతో వచ్చాడు.

నాయన పాక ముందు నుంచి లేవలేదు. "నువ్వు నడిచిందంటివి గదా అల్లుడా. నిలిపింది నేను. మోపు నువ్వెందుకు తెచ్చినవ్?"

మా ఆయన మోపు దించాడు. "నాకు తెల్సు మామా."

"ఏం తెల్సు?"

"ఎర్రది ఎన్నడన్న గంత పొట్టడుగు ఏసిందా? రాయి పెట్టినవని చప్పుడులనే తెల్సింది."

"మరి గట్లెందుకంటివి?"

"నువ్వు... దాని కాలుకు నువ్వే రాయి పెట్టినవంటే నీకెంత కష్టమొచ్చిందో అనుకున్న. నిలిచిందనేటందుకు నోరు రాలే."

ఇంక నేను ఆగలేకపోయాను. "మీ మామ అల్లుళ్ళ ప్రేమలు తగలెయ్య! ఆయన కష్టం నువ్వు సూస్తివి, నవమి కష్టం ఆయన సూసుకున్నడు. దాని కష్టం ఎవరు సూసిండ్రు?"

ఎర్రది మోపులోంచి ఒక పరక లాక్కుని నమిలింది. ఇప్పుడు అది బాగున్న కాలు కూడా నేలకు ఆనించడం లేదు.

నవమి రద్దీలో తలమునకలైన రోజుల్లో కూడా సంఘంవాళ్ళు మోపు తప్పించలేదు. నాయనకు కూడు మా ఇంటి నుంచే వెళ్ళేది. వానలు పడేనాటికి కుంటిన కుడికాలు పూర్తిగా మానిపోయింది. డాక్టరు వచ్చి నొక్కి చూసి, దీనికేమీ లేదు అన్నాడు. రాయి పెట్టిన ఎడమకాలు మాత్రం చీము పట్టేది, తగ్గేది, మళ్ళీ పట్టేది. అది మానలేదు. ఎర్రది ఇంక బండి లాగలేదు. నాయన బండి అమ్మేశాడుగానీ దాన్ని అమ్మలేదు. రోజూ పొద్దున్నే ఆ డెక్కను వేడినీళ్ళతో కడిగేవాడు. ఆ సమయంలో నేను వెళ్తే తల ఎత్తేవాడు కాదు.