మామ్మగారి నోట రాని మాటలు

మొన్న ఆదివారం, ఒకప్పుడు మా పక్కింట్లో ఉండిన జపనీస్ మామ్మగారి మనవరాలు పక్క ఊరు ఒషావా నుంచి వచ్చి, యూనివర్సిటీలో జపనీస్ చదువుతున్నానని చెప్పి, పాత నోటుబుక్ ఒకటి నా ఒళ్ళో పెట్టింది. అందులో దస్తూరి నాదే.

మన ఈడు ఆడవాళ్ళం వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళం కదా, వాటిలో నాయిక ఎంత కోపమొచ్చినా "ఏమండీ, మీకిది భావ్యమా" అనేది, మా అమ్మ మాత్రం నాన్నని "చాల్లెండి, మీరూ మీ బోడి కబుర్లూ" అనేది. అంత తేడా ఇంట్లోనే చూసి కూడా, హైదరాబాదులో సాయంకాలం క్లాసులకెళ్ళి నవలల్లోంచి జపనీస్ నేర్చుకున్న నేను, అక్కడి ఆడవాళ్ళంతా ఆ కథల్లోలాగే ప్రతి మాట చివరా సుకుమారంగా సాగదీసి మాట్లాడతారని నమ్మేశాను. ఈ చలిదేశం వచ్చి, మార్కమ్ ఊళ్ళో ఆఫీసులో చేరిన రోజునే జపాన్ అమ్మాయిలు నా మాట విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. బయట అలా ఎవరూ మాట్లాడరట, అది కథల్లో ఆడవాళ్ళ భాషట. సిగ్గుతో చచ్చిపోయాను గాని బుద్ధి రాలేదు.

ఆ చలికాలమే పక్కింటి మామ్మగారికి చూపు మందగించింది. భర్త పోయాక చేపల కొట్లో పనిచేసి ఒక్కతే కొడుకుని పెంచిన మనిషి. మాట కరుకు, మనసు వెన్న. కొడుక్కి జపనీస్ రాదు, అప్పటికి పసిగుడ్డయిన మనవరాలైనా ఎప్పటికో చదువుకుంటుందని, తన కథ చెబుతాను రాసిపెట్టమంది. మధ్యాహ్నాలు బయట స్నో పడుతుంటే ఆవిడ చెప్పేది, నేను రాసేదాన్ని, రాస్తూ రాస్తూ, పాపిష్టిదాన్ని, అందంగా ఉంటుందని నా నవలల భాషలోకి మార్చేసేదాన్ని. భర్త పోయిన రోజు గురించి ఆవిడ, "చచ్చాడు. ఏడవలేదు. చేపలు కొయ్యాలిగా" అంది. నేనేమో ఇంటి దీపం మలిగిందనీ, కన్నీటితో కిమోనో చేతులు తడిశాయనీ రాశాను.

ఓసారి చదివి వినిపించమంది. తిడుతుందని భయపడి, రాసింది వదిలేసి, ఆవిడ అన్నది అన్నట్టే గుర్తు తెచ్చుకుని అప్పజెప్పాను. తృప్తిగా తలూపి, "ఆఁ, ఇది నేనే" అంది. తీరిగ్గా తిరగరాద్దాంలే అనుకున్నాను. మంచు కరగకముందే ఆవిడ పోయింది, నోటుబుక్ కొడుకు సామానుతో వెళ్ళిపోయింది.

మామ్మ ఇంత మెత్తగా మాట్లాడేదా ఆంటీ, నాన్న ఎప్పుడూ గయ్యాళి అంటాడే అని ఆ పిల్ల ఇంగ్లీషులో అడుగుతుంటే దాని మొహం వెలిగిపోతోంది. అవునంటే సరిపోయేది. కానీ నోరు రాక, జరిగిందంతా చెప్పేశాను. దాని మొహం చిన్నబోయింది. మరి మామ్మ నిజంగా ఏమనేదో చెప్పమని ఫోనులో రికార్డింగ్ పెట్టింది. ఆవిడ బొంగురు గొంతు తెచ్చుకుని, ఆ చేపల మాట జపనీస్‌లో అన్నాను. ఇంకా, అంది. ఎంత తడుముకున్నా ఇంకేమీ గుర్తు రాలేదు. ఫోనులో రికార్డింగ్ నడుస్తూనే ఉంది.

ఈ కాలం పిల్లలు ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే దాచుకుంటున్నారు, అదృష్టవంతులు. మన రోజుల్లో అది ఇంకొకరి చేతికి అప్పగించాల్సి వచ్చేది. మామ్మగారు నన్ను నమ్మి నాకు అప్పగించింది. నోటుబుక్ నిండా రాశాను గాని, ఆవిడవి మూడు ముక్కలే మిగిలాయి.