మావయ్యగారికి వీపు చూపించని స్పీకర్

మొన్న ఆదివారం కొత్తపేటలో, మా మావయ్యగారి రిటైర్మెంట్ సభలో నేను వెలగబెట్టిన ఘనకార్యం మీ దాకా రాలేదా? అయితే ఇంకెవరో చెప్పేలోపు నా నోటే వినేయండి!

మావయ్యగారంటే మా ఆవిడ నాన్నగారు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేశారు. గొంతు ఎంత చిన్నదంటే, పక్కనే కూర్చున్నా రెండుసార్లు అడిగి చెప్పించుకోవాలి. అలాంటి మనిషి మొదటిసారి మైకులో మాట్లాడబోతున్నారు. వారం నుంచి కాగితం మీద రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం! ఆ మాటలు చివరి వరసకి కూడా వినపడాలని నా తాపత్రయం. అమలాపురంలో ఓ పవర్డ్ స్పీకర్ కొనేశాను. యాంప్లిఫయర్ దాని లోపలే ఉంటుంది, వేరే పెట్టె అక్కర్లేదు.

నాకేమో ఏ బటన్ కనబడినా అదేం చేస్తుందో తెలిసేదాకా నిద్ర పట్టదు. దాంతో వచ్చిన పుస్తకం అంతా చదివాను. ఆన్ చేసేముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాలి. మైకు స్పీకర్‌కి ఎదురుగా ఉండకూడదు, ఉంటే కూత పెడుతుందట. మావయ్యగారింటి వాకిట్లోనే సభ. అక్కడ నీళ్ళు చల్లారని ఎక్స్‌టెన్షన్ బోర్డుని కుర్చీ ఎక్కించాను. స్పీకర్‌ని వేదిక ముందు, జనం వైపు తిప్పి పెట్టాను. "హలో, హలో" అంటే ఎంత చక్కగా పలికిందో!

అప్పుడొచ్చారు అత్తయ్యగారు, చేతిలో కాఫీతో.

"ఏవండీ అల్లుడుగారూ, ఆ పెట్టె మావయ్యగారికి వీపు చూపిస్తందేంటండీ? పెద్దాళ్ళంతా అక్కడే కూర్చుంటారు కదా. బాగోదండీ."

"అంటే... సౌండ్ జనానికి వెళ్ళాలి కదండీ."

"ఆయ్, వెళ్తాదండీ. కాస్త ఇటు తిప్పండి."

కొత్త అల్లుణ్ణి, అత్తగారి మాట ఎలా కాదంటాను? పైగా తిప్పితే నిజంగా ఏమవుతుందో చూడాలని లోపల ఒకటే దురద. తిప్పేశాను!

మావయ్యగారు లేచారు. కాగితం మడత విప్పారు. "అందరికీ నమస్కా..."

"కుయ్య్య్య్!"

పిల్లలు చెవులు మూసుకున్నారు. ముఖ్య అతిథిగారి కాఫీ పంచె మీద పడింది. మావయ్యగారు పాపం, పెద్దల ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు మైకుని అరచేత్తో మూశారు. అలా మూస్తే కూత ఇంకా పెరుగుతుందని నాకప్పుడే తెలిసింది. వాల్యూమ్ తగ్గిద్దామని పరిగెత్తాను. బటన్లు వెనకవైపు ఉన్నాయాయె! ముందు నుంచి వంగి, పెట్టె మీదుగా చెయ్యి పెట్టి తడుముతూ తిప్పితే దిక్కు తారుమారై, తగ్గేది కాస్తా పెరిగింది. చివరికి ప్లగ్గే పీకేశాను.

సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజుల ఆయన కష్టం నా చేతుల్లో బూడిదైపోయింది కదా!

మావయ్యగారు మైకు బల్ల మీద పెట్టి, చెయ్యి ఊపి అందరినీ దగ్గరికి రమ్మన్నారు. కుర్చీలు లాక్కుని ఆయన చుట్టూ చేరారు. కాగితం చూడకుండా పది నిమిషాలు మాట్లాడారండీ! కదిలినవాడు లేడు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హమ్మయ్య, నా సంగతి మర్చిపోయారనుకుంటూ వైర్లు చుడుతున్నాను. పక్కింటి రైతు ఒకాయన ఎంతో మర్యాదగా దగ్గరికొచ్చారు.

"అల్లుడుగారూ, ఆ పెట్టె ఓ రోజు మా తోటకి పంపిస్తారా అండీ? కోతులు ఒక్క కొబ్బరి బోండాం మిగల్చట్లేదండీ."

"ఆయ్, దానికేం భాగ్యమండీ! కానీ పెట్టె ఒక్కటే వస్తే అలా అరవదండీ. నేను కూడా రావాలి."