పసుపు గుడ్డలో మూడు ముళ్లు

నెల ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి మా ఎమ్మిగనూరు ఇంటి అరుగు మీద కూర్చుని, నా వేలిముద్ర తీసుకుని, పింఛను నోట్లు చేతిలో పెడుతుంది. వాటిని కళ్లకద్దుకుంటాను. ఇన్నేళ్లయినా ఆ పిల్ల ప్రతిసారీ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. దండం పెట్టడానికి కారణాలు వెతుక్కునే మనిషిని నేను, నెలకొకటి ఇంటికే నడిచి వస్తే వదులుకుంటానా?

రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. రోజూ బడికి ఎత్తుకుపోయే తీరిక ఎవరికీ లేదు. మా నాన్న మగ్గం పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, నేస్తూనే అక్షరాలు నేర్పాడు, పంచాంగం చదివించాడు. ఆ బడికి పరీక్షలు లేవు, సెలవులూ లేవు. ఇప్పుడు ఆ మగ్గం మీద అన్న నేస్తాడు. నేను పక్కన కూర్చుని నాడెలో పెట్టే కండెలకు నూలు చుడతాను. వదిన మా ఇద్దరికీ అన్నం పెట్టి, ఇద్దరినీ తిడుతుంది.

పింఛను రెట్టింపయిన నెలలో సగం అన్న చేతిలో పెట్టబోయాను.

"నీ దుడ్డు తిని నేను యే లోకానికి పోవాల? నీ దగ్గరే పెట్టుకో పో" అన్నాడు.

అలా బ్యాంకులో వేయడం మొదలుపెట్టాను. పాసుపుస్తకం దేవుడి అరలో కుంకుమ బరిణె పక్కన ఉండేది. ఆ డబ్బుకు ఒక పని అనుకున్నాను. ఊరి చివర పొలాల మధ్య ఆంజనేయస్వామి గుడి ఉంది. శనివారం అక్కడికి వెళ్లాలంటే అన్న మగ్గం ఆపాలి, లేకపోతే ఆటో పిలవాలి. ఆదోనిలో ఒక మెకానిక్ పాత స్కూటర్లకు వెనక రెండు చిన్న చక్రాలు కలిపి నాలాంటి వాళ్ల కోసం తయారు చేస్తాడని విన్నాను. ఒక్క శనివారమైనా ఎవరినీ అడగకుండా నా అంతట నేను స్వామి ముందుకు వెళ్లి నిలబడాలి, అంతే నా కోరిక. పాసుపుస్తకంలో అంకె అరవై వేల దగ్గరికి వచ్చింది.

అప్పుడే పక్కింట్లో పూలమ్మే అక్క మూరెడు కనకాంబరాలతో పాటు ఒక వార్త తెచ్చింది.

"ఏమమ్మా, విన్యావా? కాలూ చెయ్యీ లేనోళ్ల పింఛన్లు మళ్లా చూస్తాండారంట. ఎవురి ఖాతాలో దుడ్డు పెరిగిందో వాళ్ల పేరు కొట్టేస్తారంట! చిప్పగిరిలో ఒకాయనకు పోయిందంట."

"ఎవురాయన?"

"నాకేం తెలుసు, బస్సులో చెప్పుకుంటాండ్రి."

చిప్పగిరి ఆయన ఎవరో ఈ రోజుకీ తెలియదు. కానీ ఆయన కోసం ఆ రోజు అన్నం మానేశాను. దాచుకున్న పాపానికి పింఛనే పోతే? మర్నాడే అన్నను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి మొత్తం తీసేశాను. ఎందుకమ్మా ఇంత ఒకేసారి అని అక్కడి ఆయన అడిగాడు. నిజం చెబితే పింఛను పోతుందేమోనని భయం, అబద్ధం చెబితే పాపమని భయం. "దేవుడి దయ" అన్నాను. ఏ ప్రశ్నకైనా పనికొచ్చే జవాబు అది.

డబ్బు ఇంటికి చేరింది కానీ చిక్కు తీరలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు నీ దగ్గర డబ్బుందా అని అడిగితే లేదని ఎలా చెప్పను? వదిన చేట కింద పెట్టి ఆలోచించింది.

"ముడుపు కట్టెయ్యి. కట్టినాక అది నీది కాదు, స్వామిది. లేదని చెప్తే అబద్ధమూ కాదు."

మా వదినకు లాయరు కావలసిన బుర్ర. తలస్నానం చేసి, కొత్త గుడ్డకు పసుపు పట్టించి, నోట్లన్నీ అందులో పెట్టి మూడు ముళ్లు వేశాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ముడుపు చేతిలో ఉంటే మొక్కు దానంతట అదే నోట్లోకి వస్తుంది మరి. "స్వామీ, నా పింఛను పోకుండా చూడు, ఇదంతా నీకే" అని పైకే అనేశాను. అన్న విన్నాడు, వదిన విన్నది, పూలక్క గుమ్మంలో నిలబడి మరీ విన్నది.

సచివాలయం అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. పొలం ఎంత, కారు ఉందా, కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతుంది, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం ఎవరికైనా ఉందా, నెల సంపాదన ఎంత అని వరసగా అడిగి ఫోను మూసేసింది. నా సిద్ధపాటంతా వృథా అవుతోందని నేనే అందుకున్నాను.

"నా దగ్గర దుడ్డేం లేదమ్మా. ఆ మూటలో ఉండేది స్వామిది."

ఆ పిల్ల మూట వైపు చూసింది, నా వైపు చూసింది.

"నువ్వు పింఛనులో దాచుకున్న దాన్ని ఎవురడిగినారక్కా? మేము చూసేది సంపాదన. పస్తులుండి దాచుకుంటే అది సంపాదనా? బ్యాంకులోనే పెట్టుకో, ఇంట్లో ఉంటే ఎలకలు కొడతాయి."

వదిన చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత కాలు మళ్లీ చూపించుకోమని ఆదోని ఆసుపత్రికి పంపారు. డాక్టరు నొక్కి చూసి, పాత కాగితంలో ఉన్నదే మళ్లీ రాశాడు. నా కాలు మాట మార్చనందుకు దానికీ దండం పెట్టుకున్నాను. ఒకటో తారీఖున పింఛను ఎప్పటిలాగే వచ్చింది. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. అన్న టీ తాగుతూ, "అయితే మొక్కు తీరిపోయింది" అన్నాడు.

గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది. పింఛను పోకుండా చూస్తే ఇదంతా నీకే అన్నాను. ఆయన చూశాడు. మూటంతా ఆయనదే!

"నూటొక్క రూపాయి ఏసి మిగతాది తీసుకో. ఆయనేమన్నా ఇప్పి చూస్తాడా?" అంది పూలక్క.

"చూడడు. నేను చూస్తాండా గదక్కా" అన్నాను.

ఆ శనివారం ముడుపు ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను. ఇంకా కొనని స్కూటరుకు దారిపొడవునా వీడ్కోలు చెప్పాను. గుళ్లో ముసలి పూజారి ఒక్కరే ఉన్నారు. హుండీ దాకా వెళ్లిన దాన్ని, వెనక్కి తిరిగి జరిగిందంతా ఆయనకు చెప్పేశాను. ఆయన నవ్వలేదు.

"హుండీలో ఏసినావా?"

"ఇంకా లేదు సామీ."

"ఏసింటే నా చేతిలో ఉండదు. ఆ దుడ్డు దేనికని దాచినావు?"

"ఈడికి రానీకి బండి కొనాలని."

ఆయన ముడుపు తీసుకుని స్వామి పాదాల దగ్గర పెట్టారు. హారతి ఇచ్చి, మళ్లీ తెచ్చి నా కొంగులో వేశారు.

"ఇది స్వామి సొమ్ము, అందులో మార్పు లేదు. దీంతో బండి కొను. బండి స్వామిది, తోలేది నువ్వు. శనివారం శనివారం ముసలోళ్లు ఎండలో నడిచి వస్తాండారు. దారిలో ఎవురు చెయ్యెత్తినా ఎక్కించుకోవాల. ఒప్పుకుంటావా?"

ముడుపు కళ్లకద్దుకుని తల ఊపాను.

బండి ఆదోని నుంచి నీలం రంగులో వచ్చింది. పూలక్క చుట్టూ తిరిగి చక్రాలు లెక్కపెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ముందొకటి, ఎనకొకటి, పక్కన రెండు. నాలుగు చక్రాల బండి ఉంటే పింఛను తీసేస్తారు కదే!" ఒక్క క్షణం నా ప్రాణం పోయి వచ్చింది. సచివాలయం అమ్మాయికి ఫోను చేసి అడిగాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికే చాలాసేపు పట్టింది. "అది కారు కాదక్కా, తోలుకో" అంది.

మొదటి శనివారం వీధి మలుపులోనే ముగ్గురు అవ్వలు చెయ్యెత్తారు. బండి మీద పట్టేది ఒక్కరే. ముందు ఎవరన్నదాని మీద పెద్ద పంచాయితీ జరిగింది. వయసులు చెప్పుకున్నారు, మోకాళ్లు చూపించుకున్నారు. మూడుసార్లు తిరిగాను. మూడో అవ్వను దించేసరికి హారతి అయిపోయింది. ఎవరినీ అడగకుండా వెళ్లాలనుకున్న దాన్ని, ముగ్గురు అడిగితే వెళ్లాను. అయినా స్వామి ఎదుట నిలబడితే ఆ రోజు కడుపు నిండినట్టే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చున్న అవ్వ నా భుజం తట్టింది.

"పెట్రోలుకు దుడ్డు ఇయ్యాల్నామ్మా?"

"వద్దవ్వా. నా పింఛను ఉంది గదా, అందులోనే పోస్తా."

"అట్లయితే సోమారం నందవరం దాకా పోయొద్దామా? మా బిడ్డ ఇల్లు ఆడనే."

"ఇది స్వామి బండి అవ్వా, శనివారమే."

అవ్వ మళ్లీ నా భుజం తట్టింది.

"నందవరంలో స్వామి లేడా యేమి?"