అత్తాకోడళ్లను వేరుచేసిన వైనం

మా పక్కింటి అత్తాకోడళ్లు పోట్లాడుకోవాలన్న నిర్ణయం మా వసారాలోనే జరిగింది. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "ఉదయం ముసురు. కాఫీ అయ్యాక పక్కింటావిడ వచ్చింది. వేరుపడే విషయం."

నేను పలాస స్టేషనులో గూడ్సు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఏ వ్యాగను ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది అని రాసిన చెయ్యి ఊరుకోదు. సుమ్మాదేవి దగ్గర మా ఊరికి వచ్చాక వ్యాగన్లు లేవు కనుక, వానపడిందా లేదా, ఎవరొచ్చారు, ఎవరింట్లో ఏం వండారు అని రాయడం మొదలుపెట్టాను. "ఆ పుస్తకంలో నేనూ ఒక వ్యాగన్నే" అంటుంది మా ఆవిడ.

పక్కింటావిడ జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీస్తుంది. భర్త లేడు. కొడుకు కొబ్బరిచెట్లెక్కి కాయలు దించుతాడు. కోడలికి అప్పుడు ఆరో నెల. ముగ్గురికీ ఉన్నది ఒకటే గది. తుఫానులో పైకప్పు ఎగిరిపోయాక రేకులు వేశారు, రేకుల మీద టార్పాలిన్ కప్పారు. కొడుక్కి ప్రభుత్వం ఇల్లు ఇప్పించాలని ఆవిడ రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ ఒకటే జవాబు: ఒక బియ్యం కార్డుకి ఒకే ఇల్లు. మీకు ఇల్లుంది. కొడుక్కి కావాలంటే కార్డు వేరవ్వాలి. కార్డు వేరవ్వాలంటే కాపురం వేరవ్వాలి. కాపురం వేరైందనడానికి పొయ్యి వేరుగా కనిపించాలి.

ఉన్న స్థలాలు కొన్నే, అడిగేవాళ్లు ఊరంతా. అందుకని ఆ ఏడు మా వీధి వీధంతా విడిపోయింది. తండ్రీకొడుకులు విడిపోయారు, అన్నదమ్ములు విడిపోయారు. గదుల మధ్య చీరలు వేలాడాయి. ఒకింట్లో అన్నదమ్ములు తనిఖీ కోసమని మాట్లాడుకోవడం మానేసి, తనిఖీ అయిపోయాక కూడా ఆ సంగతి మరిచిపోయి అలాగే ఉండిపోయారు. ఇద్దరికీ రెండు శుభలేఖలు ఇవ్వాల్సి వస్తోంది. కొత్త ఇల్లు ఒక్కటీ లేవలేదు గానీ, కొత్త పొయ్యిలు మాత్రం డజనుకు పైగా లేచాయి.

"బావా, నువ్వు సెప్తే ఆఫీసోలు నమ్ముతారు," అంది పక్కింటావిడ. "మేం రెండేళ్లయి యేరుగా ఉంతన్నామని ఒక్క ముక్క సెప్పీ."

"డైరీలో అలా లేదు," అన్నాను.

"మరేటున్నాది?"

తీసి చదివాను. అత్తాకోడళ్లు కలిసి మెత్తళ్ల చేపలు ఎండబెట్టారు. అత్త కోడలి తలకి నూనె రాసింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

"ఆడోళ్లు తలకి నూనె రాసుకున్నదీ రాసీసారా?" అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఏటి మనిషండీ మీరు!"

జరగనిది నేను రాయలేను. అయితే ఇవాళ్టి నుంచి నిజంగా వేరుపడితే, ఇవాళ్టి నుంచి రాస్తానన్నాను. మూడు ఇటుకలతో రెండో పొయ్యి లేచింది. మధ్యలో చీర కట్టారు. ఆఫీసువాళ్లు వచ్చేసరికి ఎడముఖం పెడముఖంగా కనపడాలని మా ఆవిడ పోట్లాట నేర్పడానికి కూచుంది.

"మీ అత్తని ఏదో ఒకటి అనవే," అంది కోడలితో.

"ఏటనాల పెద్దమ్మా?"

"వంట బాగోనేదను."

"బాగుంతాది గదా!"

"అందుకే ఇల్లు రాదు నీకు."

కోడలు చాలాసేపు ఆలోచించి, "సింతపండు కొద్దిగా ఎక్కువేత్తావత్తా," అంది.

పక్కింటావిడ ముఖం వాడిపోయింది. "నిజంగానేటే? ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదు?" అని లేచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం తిండి మానేసింది. అది చూసి కోడలు ఏడ్చింది. సాయంత్రానికి ఇద్దరూ ఒకే గిన్నెలో చల్దన్నం తిన్నారు. "పోట్లాట విఫలం. రెండు పొయ్యిల్లో ఒకటే వెలిగింది" అని రాశాను.

మర్నాటి నుంచి రెండూ వెలిగించమని గట్టిగా చెప్పాను. వెలిగించారు. ఒకదాని మీద అన్నం, ఇంకోదాని మీద కూర.

తనిఖీకి గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. టెక్కలి పిల్ల. చేతిలో ట్యాబు. పొయ్యిలు చూసింది, చీర చూసింది. కోడలు ఇవతల పులుసు కలుపుతోంది. అవతల అత్త తన పొయ్యి దగ్గర కూచుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మీ అత్తగారు ఇవాళ ఏం వండుతున్నారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"తెల్దండి. మాకు మాటల్లేవు," అంది కోడలు, మేం నేర్పినట్టే. అని, పులుసు చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసి, ముఖం చిట్లించింది.

చీర కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. కోడలి గిన్నెలో చిటికెడు ఉప్పు వేసింది. గరిటె అందుకుని ఒకసారి తిప్పింది. మళ్లీ చీర వెనక్కి వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి చెయ్యి వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా చూసింది. "మాటల్లేవు గానీ ఉప్పు ఉన్నాదన్నమాట," అంది. ట్యాబు తెరిచి, "ఒకటే కాపురం అని రాయాలమ్మా. నేనేటి సెయ్యను," అంది.

పక్కింటావిడ చీర పక్కకి లాగి బయటికి వచ్చింది. "మేం ముగ్గురం కాళ్లు ముడుసుకుంతేనే తలుపు పడతాది తల్లీ. రేపు పిల్ల పుడితే ఎక్కడ పడుకోబెట్టాల? దెబ్బలాడుకున్నోలికే ఇల్లిత్తారేటి? కావాలంటే మా బావ పుస్తకం సూడు. ఆయనకి అబద్ధం రాయడం రాదు."

ఆవిడకి నామీద ఉన్న నమ్మకమే ఆవిడ కొంప ముంచేలా ఉంది. ఏ పేజీ తీసినా వాళ్లు కలిసే ఉన్నారు. అయినా తెచ్చి ఇచ్చాను. ఆ అమ్మాయి నిలబడి చదవడం మొదలుపెట్టి, నూనె దగ్గర నవ్వి, తర్వాత కూచుని చదివింది.

"తాతా, 'వాన. పక్కింటి దంపతులు జీడిపిక్కల గదిలో' అని మాటిమాటికీ ఉన్నాది. ఇదేటి?"

వానొస్తే వాళ్ల గదిలో సగం కారుతుంది. పొడిగా ఉన్న సగంలో ఒక్క మనిషే పడుతుంది. అందుకని కొడుకూ కోడలూ మా ఇంటికొచ్చి, జీడిపిక్కల బస్తాలు పెట్టుకునే గదిలో పడుకుంటారు. పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఇందులో దాచడానికేమీ లేదు కనుక అలాగే చెప్పాను.

ఆ అమ్మాయి పేజీలు వెనక్కి తిప్పింది. "అయితే ఆళ్లుండేది మీ ఇంట్లో, అత్తకి యేరుగా. మీ డోర్ నంబరు సెప్పండి."

"వాన పడినప్పుడు మాత్రమేనమ్మా," అని సరిదిద్దబోయాను.

వెనక నుంచి మా ఆవిడ చొక్కా లాగింది. "మన ఉద్దానంలో వాన పడందెప్పుడండీ?" అంది.

"ఇకనుంచి ఎండ కాసినా అక్కడే ఉంటే, నేను రాసింది నిజమవుతాది తాతా. మళ్లీ సూడ్డానికొత్తాను," అంది ఆ అమ్మాయి.

కాగితం మీద పడ్డ మాట తప్పడానికి లేదు. ఆ మధ్యాహ్నమే గది ఖాళీ చేశాను. బస్తాలు నా మంచం కిందకి వచ్చాయి.

కార్డు వేరైంది. ఊరి చివర ఇసకలో స్థలం వచ్చింది. పునాది లేచింది, బిల్లు కోసం ఫొటో తీశారు, ఆగిపోయింది. గోడలు లేచాయి, ఫొటో తీశారు, మళ్లీ ఆగిపోయింది. ఈలోగా ఆడపిల్ల పుట్టి, మా ఇంట్లోనే నడక నేర్చింది. మనవరాలు ఇక్కడ ఉండగా నాయనమ్మ అక్కడ ఉండలేదు కనుక, ఆవిడ ఫ్యాక్టరీకి వెళ్లే ముందూ వచ్చాకా మా వంటింట్లోనే ఉంటుంది. కాగితం మీద మాత్రం ఆవిడది ఒంటరి కాపురం.

నిన్న స్లాబు పడింది. కోడలు వచ్చి చెప్పి, మా ఆవిడ కాళ్లకి దండం పెట్టింది. నేను డైరీలో ఇలా రాశాను: "పక్కింటివారికి స్లాబు అయింది. పొయ్యిలు మూడు, వెలిగింది ఒకటి. భోజనానికి ఆరుగురు. చింతపండు ఎక్కువైంది, ఎవరూ అనలేదు."

నా భుజం మీద నుంచి తొంగిచూసి మా ఆవిడ పెదవి విరిచింది.

"ఆ బస్తాలు ఇప్పుడే గదిలోకి మార్చకండి," అంది. "ఆ స్లాబుకి మొదటి వాన పడనీండి, సూద్దాం."